పేరు పెట్టి పిలిచాకే

బర్క్ కళ్ళు తెరుచుకునే నిద్రపోతాడు. మేలుకునే ఉన్నాడనుకుని ఎవరైనా వెళ్ళి నిమిరితే, నిద్రలోంచి ఉలిక్కిపడి ముందు కరుస్తాడు, తర్వాత చూస్తాడు. ఎవరిని కరిచాడో చూశాక తానే మూలకు పోయి వణుకుతాడు. ఈ ఒక్క సంగతి తప్పిస్తే కువైట్‌లో సబ్హాన్ అనే చోట ఉన్న మా గోడౌన్‌లో వాడంత మెతక కుక్క ఇంకోటి లేదు.

వాడు గ్రేహౌండ్, పరుగు పందేల కుక్క. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు, రెండు చెవుల లోపలా ఆకుపచ్చ సిరాతో పొడిచిన అక్షరాలు. ఎక్కడో చలిదేశంలో పుట్టి, బొమ్మ కుందేలు వెనక పరుగెత్తి పేరు తెచ్చుకున్నాడు. వయసు మళ్ళి అక్కడ పనికిరాకుండా పోయాక, ఇక్కడి షోకిల్లా రాయుడెవరో ఎడారిలో పందేలు కాయడానికి కొని విమానంలో తెప్పించుకున్నాడు. కాలు విరిగేదాకా పరిగెత్తించాడు. విరిగాక ఎడారిలోంచి పోయే సాల్మీ రోడ్డు పక్కన కరెంటు స్తంభానికి తీగతో కట్టేసి పోయాడు. కారు పాడైతే కనీసం షెడ్డుకు తోలుతారు ఈ మనుషులు. అతనెవరో నాకు తెలియదు. ఆ తీగ కోసిన మెడను కడిగిందాన్ని నేనే కాబట్టి, అతన్ని తిట్టుకునే హక్కు మాత్రం నాకుంది.

నా పేరు అరుణజ్యోతి. మాది రాజోలు దగ్గర. పశువైద్యంలో డిప్లొమా చేసి, ఇక్కడ జంతువుల ఆసుపత్రిలో అసిస్టెంటుగా చేరాను. మా డాక్టరు మెహరాజ్ మేడంది కర్నూలు. తిరుపతిలో ఆవులకూ గేదెలకూ వైద్యం నేర్చుకుని, తర్వాత పై దేశం వెళ్ళి జంతువుల ప్రవర్తనకు వైద్యం చేయడం చదువుకుని వచ్చారు. కుక్కకు మనసు బాగోలేదని మందివ్వడమేమిటని మా ఆయన సూర్యకిరణ్ ఇప్పటికీ నవ్వుతాడు. ఆయనకు బాస్ మీద కోపమొస్తే రాత్రంతా పళ్ళు కొరుకుతాడు, దానికి మందు లేదు గానీ.

గోడౌన్ జాబ్రియాలో ఉండే ఒక కువైటీ ఆవిడది. రోడ్ల మీద, ఎడారిలో వదిలేసిన కుక్కల్ని తెచ్చి, మా చేత బాగుచేయించి, చల్లటి దేశాల్లో పెంచుకునేవాళ్ళకు పంపేది. వాళ్ళింట్లో పనిచేసే సంజీవమ్మ ఆవిడని ఇక్కడి పద్ధతిలో మామా అంటుంది, అమ్మగారూ అన్నట్టు, అది విని మేమూ మామా అనే అనడం మొదలుపెట్టాం. సంజీవమ్మది రాయచోటి వైపు పల్లె. ఇంటి పనికని వచ్చిన మనిషిని మామా పొద్దున్నే డ్రైవరుతో గోడౌన్‌కు పంపేది. మొదట్లో ముక్కు మూసుకుని వచ్చిన సంజీవమ్మ, తర్వాత ఇంటికి రమ్మన్నా వెళ్ళని స్థితికి వచ్చింది. దానికి కారణం బర్కే.

వాడు వచ్చిన కొత్తలో తలుపు దాటేవాడు కాదు. గాజు తలుపును చూసి గాలే అనుకుని గుద్దుకునేవాడు. మెట్లంటే వాడికి తెలియదు. పుట్టినప్పటి నుంచీ ఇనుప గదిలో ఒంటరిగా పడుకున్నవాడు, నిద్రలో ఇంకో ప్రాణి చెయ్యి తగలడం ఎరగడు. సాల్మియా నుంచి వచ్చే ఒక టీచరమ్మ చలికాలంలో పాపం అని వాడి మీద దుప్పటి కప్పబోతే మణికట్టు కొరికేశాడు. ఆ రోజే మేడం వాడికి రెండు పనులు మొదలుపెట్టారు. ఒకటి, భయం తగ్గడానికి పొద్దున పూట మాత్ర. రెండు, పిలుపు.

"వీడు కరవడం లేదు, ఉలిక్కిపడుతున్నాడు," అన్నారు మేడం. "ముందు పేరు పెట్టి పిలవాలి. తలెత్తి మనల్ని చూడాలి. అప్పుడే ముట్టుకోవాలి. ఎవరైనా సరే, ఎప్పుడైనా సరే."

ఉలిక్కిపడ్డ పళ్ళు మాత్రం మెత్తగా ఉంటాయా అనిపించింది నాకు. కానీ ఆ పని చూస్తుంటే నా నోరు మూతపడింది. మొదట సంజీవమ్మ అంత దూరం నుంచి "బర్కూ" అని పిలిచి, ఉడికించిన కోడి ముక్క ఒకటి విసిరి వెళ్ళిపోవాలి. అంతే. కొన్ని వారాలకు ఇంకాస్త దగ్గర నుంచి. తర్వాత పక్కన నేల మీద వేళ్ళతో తట్టి. చలికాలం అలాగే గడిచింది. ఒకరోజు ఆమె పిలవగానే వాడు నిద్రలోంచి తలెత్తి, తోక ఒకసారి నేలకేసి కొట్టి, లేచి వచ్చి ఆమె మోకాళ్ళకు ఒళ్ళంతా ఆనించి నిలబడ్డాడు. గ్రేహౌండ్లు ప్రేమ చూపించే తీరు అది. నాకవు, గెంతవు, మనిషి మీద వాలిపోతాయి. సంజీవమ్మ కదలకుండా గోడలా నిలబడి, వాడు అలిసిపోయేదాకా మోసింది. ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టు నటించాను.

ఇంకో మాట చెప్పాలి. సంజీవమ్మ కాలు దేనికి తగిలినా సరే, ఆగి, వంగి, దాన్ని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంటుంది. మనందరికీ ఉన్న అలవాటే. పుస్తకానికి తగిలితే నేనూ అద్దుకుంటాను, మనిషికి తగిలితే అద్దుకుంటాను. ఆమెది మరీ ఎక్కువ. ఒకసారి కుక్కల తిండి బస్తాకు కాలు తగిలినా అద్దుకుంది.

"కుక్కల తిండిక్కూడానా అక్కా," అన్నాను.

"తిండి తిండే కదమ్మా. ఎవురు తింటే ఏమి," అంది.

మేడం విని నవ్వారు. "నేనూ చేస్తుంటాను. ఇంట్లో ఎవరూ నేర్పలేదు. బళ్ళో పక్కనున్న పిల్లల్ని చూసి పట్టుకున్నాను," అన్నారు.

అప్పుడు మాకది నవ్వులాటే.

వేసవి ముదిరితే విమానాల్లో కుక్కల్ని ఎక్కించుకోరు. వేడికి పెట్టెల్లోనే పోతాయని విమానాల వాళ్ళ భయం. ఈ ఏడు మే నెలాఖరు విమానమే ఆఖరు. పైగా గోడౌన్ మామా అన్నగారిది. టైర్ల సరుకు పెట్టుకోవాలి, ఖాళీ చేయమన్నాడు. ఆవిడ బతిమాలింది, ఏడ్చింది, చివరికి జూన్ మధ్య దాకా గడువు తెచ్చుకుంది. అందుకని ఉన్న కుక్కలన్నీ ఆ విమానానికే వెళ్ళాలి. బర్క్ కూడా. వాడికి హాలండ్‌లో ఒక ఇల్లు కుదిరింది. భార్యాభర్తలిద్దరూ మేడంతో ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడారు. వాళ్ళకు మూడేళ్ళ పాప. పాప ఉన్న ఇల్లని మేడం మొదట ఒప్పుకోలేదు. ఆ తల్లి ఇంట్లోనే ఉండే మనిషని, వాడు పడుకునే పక్క చుట్టూ కంచె కడతామని, పాపకు కూడా పిలుపు నేర్పుతామని వాళ్ళు పట్టుబట్టారు. చలికాలం గడిచి వేసవి వచ్చేదాకా వాడు ఎవరినీ కరవలేదు. మేడం సరేనన్నారు.

బయల్దేరే రోజు పొద్దున గోడౌన్‌లో పెళ్ళివారి హడావిడి. పెట్టెలు కడిగాం. పెట్టెల్లో పెట్టే నీళ్ళ గిన్నెలు ముందు రోజే గడ్డ కట్టించాం, మంచు మెల్లగా కరుగుతుంటే దారంతా నాకుతాయని. ప్రతి కుక్క పక్క తీసి దాని పెట్టెలో పరిచాను, తన వాసన తనకు తెలిసేలా. అలా చేయాలనే మాకు నేర్పారు. బర్క్ పక్క కూడా తీసి పరిచాను. పక్క లేని బర్క్ ఎక్కడ పడుకుంటాడో నేను ఆలోచించలేదు.

వాడు నడవలో, కూలర్ గాలి తగిలే చోట, తడి సిమెంటు మీద కాళ్ళు చాపి పడుకున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

సంజీవమ్మ ఉతికిన గుడ్డల గంప రెండు చేతులా ఎత్తుకుని అటు వచ్చింది. గంప అడ్డం, కింద ఏముందో కనపడదు. ఆమె కాలు వాడి ముందు పాదానికి తగిలింది. మెత్తగానే తగిలింది. వాడి చెవి ఒకటి కదిలింది, అంతే, లేవలేదు. నేను అటువైపు నుంచి చూస్తూనే ఉన్నాను. పోనీలే అనుకున్నాను కూడా. అంతలో ఆమె గంప దించి, అయ్యో అనుకుంటూ వంగింది. పాదాన్ని వేళ్ళతో తాకింది. తాకిన వేళ్ళు కళ్ళ దాకా వెళ్ళలేదు.

కాలు తగిలినప్పుడు వాడు లేవలేదు, చెయ్యి తగిలినప్పుడు లేచాడు. ఆమె ముఖం అప్పటికే వాడి ముఖానికి జానెడు దూరంలో ఉంది.

నేను పరుగెత్తే సరికి సంజీవమ్మ చెంప పట్టుకుని కూర్చుని ఉంది, వేళ్ళ సందుల్లోంచి రక్తం. కంటికి కాస్త కింద రెండు గాట్లు, ఒకటి లోతుగా. వాడు గోడ మూలకు పోయి, తోక కాళ్ళ మధ్య దోపుకుని, నిలబడ్డ చోటే ఉచ్చ పోసుకున్నాడు. ఆమె నన్ను చూడలేదు. వాడినే చూస్తోంది.

"ఏం లేదు నాయనా, ఏం లేదు. నేనే కదా. బయపడాకు," అంటోంది.

ఆమెను లాక్కెళ్ళి కొళాయి కింద కూర్చోబెట్టి, సబ్బు రాసి కడిగాను. వాడికి టీకాలన్నీ వేసినవే, అయినా పద్ధతి పద్ధతే. కడుగుతున్నంతసేపూ ఆమె నా మణికట్టు పట్టుకునే ఉంది.

"చెప్పాకు జ్యోతమ్మా. డాక్టరమ్మకు చెప్పాకు."

"చెప్పకపోతే ఎలాగక్కా. ముఖం మీద కరిచాడు."

"చెప్తే వాడు యాడికి పోతాడు? నువ్వే చెప్పు, యాడికి పోతాడు?"

కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలి, ఆ లోపల విమానం ఎక్కించకూడదు. పది రోజులయ్యాక విమానమే ఉండదు. కొద్ది రోజులకే గోడౌనూ ఉండదు. ముఖం మీద కరిచిన కుక్కను వేరే కుక్కల ఆశ్రమం ఏదీ తీసుకోదు. ఇది మా ఇద్దరికీ మేడం ఎన్నోసార్లు చెప్పిందే. వాడి బతుకు ఆ సాయంత్రం విమానంలో ఉంది.

"వాడి తప్పేముండాది?" అంది సంజీవమ్మ. "కాలు తగిలిచ్చింది నేను. పిలవకుండా ముట్టుకునింది నేను. ఇన్నాళ్ళు వానికి నేర్పిచ్చి, నాకు నేను నేర్చుకోలేకపోతి."

"అక్కడ మూడేళ్ళ పాప ఉంది అక్కా."

"ఉంటే? ఆ దేశంలో కాలు తగిల్తే వంగి కండ్లకద్దుకునేవాళ్ళు ఎవురుండారు? సారీ అని దాటుకోని పోతారు. మనకే ఈ పాడు అలవాటు. ఆడ ఎవురూ వంగరు జ్యోతమ్మా."

ఇంత బాధలోనూ ఆమె మాట నాకు సబబుగానే తోచింది. నిజమే అనిపించింది. నిజం కావాలనిపించింది. నేను దేవతను కాను. చెంపకు గుడ్డ అంటించి, ఆమె తలకు కట్టుకునే స్కార్ఫును ముందుకు లాగి సర్దాను. నడవలో రక్తం కడిగాను. వాడి ఉచ్చ కడిగాను. సంజీవమ్మ దూరం నుంచి వాడిని పేరు పెట్టి పిలిచింది. చాలాసేపటికి తలెత్తాడు.

మధ్యాహ్నం మేడం వచ్చారు. చేతిలో కాగితాల కట్ట, ముఖంలో ఎప్పుడూ లేనంత వెలుగు. సంజీవమ్మ స్కార్ఫు చూసి, "ముఖానికేమైంది?" అన్నారు.

"పెట్టె మూల గుచ్చుకుంది మేడం. కడిగాను," అన్నాను. అబద్ధం నా నోట్లోంచే వచ్చింది. సంజీవమ్మ తల వంచుకుంది.

మేడం ఇంకేమీ అడగలేదు. నా మాటంటే ఆవిడకు నమ్మకం. ఫోన్ తీసి, "రండి, ఒకటి చూపిస్తాను. వాళ్ళు పొద్దున్నే పంపారు," అన్నారు.

వీడియోలో ఆ పాప. తెల్లగా, బొద్దుగా, ఒక చెప్పు వేసుకుని ఒకటి వదిలేసి ఉంది. నేల మీద కొత్త పక్క, బర్క్ కోసం కొన్నది. దాని మీద బట్టతో చేసిన కుక్క బొమ్మ. తల్లి పక్క నుంచి ఏదో చెబుతోంది. పాప దూరంగా నిలబడి "బర్క్" అని పిలిచి, చేతులు వెనక్కు పెట్టుకుని ఆగింది. తర్వాత వెళ్ళి బొమ్మను నిమిరింది. మళ్ళీ వెనక్కు వచ్చి మళ్ళీ పిలిచింది, మళ్ళీ ఆగింది.

"ఎంత బాగా నేర్పారో చూడండి," అన్నారు మేడం.

మూడోసారి పాప పిలవలేదు. విసుగొచ్చిందో, ప్రేమొచ్చిందో, పరుగెత్తుకెళ్ళి ఆ బొమ్మ మీద పడి, మెడ కావలించుకుని, దాని ముక్కు మీద ముద్దు పెట్టింది. వీడియోలో అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వబోయారు.

సంజీవమ్మ స్కార్ఫు తీసేసింది. అంటించిన గుడ్డ కూడా పీకేసింది.

"పెట్టె మూల కాదు డాక్టరమ్మా. బర్కు కరిచినాడు. నేనే పిలవకుండా ముట్టుకుంటి," అంది. "జ్యోతమ్మను ఏమనాకు. నేనే చెప్పొద్దంటి. ఆ బిడ్డ నా మాదిరే మర్చిపోతాది డాక్టరమ్మా. నేను ఇంత ముసిల్దాన్నే మర్చిపోతి."

ఆ క్షణంలో ఆమె మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఇంకో గంట ఊరుకుంటే వాడు వెళ్ళిపోయేవాడు. బతికేవాడు. ఆ పాపకు ఏమయ్యేదో మనమేమైనా చూడబోతున్నామా అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకు అసహ్యం కూడా అప్పుడే వేసింది.

మేడం ముందు అడిగారు, "సబ్బుతో కడిగారా? బాగా కడిగారా?" అని. గాయం దగ్గరగా చూశారు. తర్వాత తిండి బస్తా మీద కూర్చుండిపోయారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళారు, ఎండలోనే నిలబడి ఆ తల్లితో మాట్లాడారు. గాజు తలుపులోంచి ఆవిడ వీపు మాత్రమే కనపడింది.

సాయంత్రం మిగతా కుక్కలన్నీ వెళ్ళాయి. బర్క్ పెట్టె నడవలోనే ఉండిపోయింది. గిన్నెలో మంచు కరిగి, నీళ్ళై, నీళ్ళు వెచ్చబడ్డాయి.

సంజీవమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళి కుట్లు వేయించాం, సూదులు వేయించాం. మర్నాటి నుంచి మా వెతుకులాట మొదలైంది. హాలండ్ వాళ్ళు ఏడ్చారట, శరత్కాలం దాకా ఎక్కడైనా ఉంచగలిగితే పిల్లలు లేని ఇల్లు చూస్తామన్నారట. శరత్కాలం మాట ఎంత సులువుగా అంటారో. ఇక్కడ జూన్ నుంచి అక్టోబరు దాకా కుక్కను బయట ఉంచితే బతకదు. లోపల ఉంచేవాళ్ళు కావాలి. ఒక్క గది, ఒక్క ఏసీ, వాడిని పిలిచి ముట్టుకునే ఒక్క మనిషి.

మామా ఇంట్లో మనవలు పొద్దస్తమానం నేల మీదే ఆడతారు. ఆవిడ సంజీవమ్మ చెంప చూసి, తలుపు దగ్గరే నిలబడి ఏడ్చి, కాదంది. ఆశ్రమాల వాళ్ళు ఒక్కొక్కరూ మర్యాదగా కాదన్నారు. మేడం వాడిని తన సాల్మియా ఫ్లాటుకే తీసుకెళ్ళారు. లిఫ్టులో బిగుసుకుపోతే మేడం, వాళ్ళాయన కలిసి వాడిని మోశారు. ఆవిడ కూతురు అప్పుడే పాకడం నేర్చుకుంటోంది. రెండో రోజు పొద్దున, వాడు కళ్ళు తెరుచుకుని నిద్రపోతుంటే ఆ పాప నవ్వుకుంటూ వాడి వైపు పాకింది. మేడం ఎలాగో అందుకుని ఎత్తుకున్నారు. అదే పూట వాడిని మళ్ళీ గోడౌన్‌కు తెచ్చేశారు.

నాదా, సాల్మియాలో ఒక ఫ్లాటులో ప్లైవుడ్డుతో అడ్డం కట్టిన గది. మంచం దిగితే తలుపే. అయినా సూర్యకిరణ్‌ను అడిగాను. ఆయన ఈసారి నవ్వలేదు. "మంచం తీసేద్దామా," అన్నాడు. ఆ మాట విని పక్క గది వాళ్ళు ఇంటి కాపలావాడికి చెప్పారు. అతను వచ్చి, కుక్క లోపలికి వస్తే మేం బయటికి పోవాలన్నాడు.

ఆఖరుకు గంగరాజు బాబాయికి ఫోన్ చేశాను. మా ఊరాయన, వఫ్రాలో ఒక కువైటీ పొలంలో పనిచేస్తాడు. అడిగిన మర్నాడే ఆయన తిరిగి చేశాడు. గోడౌన్‌లో ముగ్గురం ఉన్నాం, ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"అమ్మాయ్, మా కఫీలు, అదే ఈ పొలం ఆసామి, సరేనన్నాడు," అన్నాడు. సంజీవమ్మ లేచి నిలబడింది. "అన్నాడు గానీ, నేను చెప్పే మాట విను. పరుగు కుక్క అనగానే ఆడి కళ్ళు మెరిసినియ్. కుందేళ్ళకి వదులుదాం అంటన్నాడు. కాలు బాలేదండీ అంటే, అయితే గొర్రెల దొడ్డి కాడ కట్టేయ్ అన్నాడు. ఇక్కడ నీడంటే రేకు నీడేనే తల్లీ. పోయినేసంగిలో ఓ కుక్కని అలాగే కట్టేత్తే, మజ్జానం నీళ్ళు పెడదారని ఎల్లేను..." మాట మార్చాడు. "తెచ్చేవంటే కాదనను. చూసుకుంటాను. కానీ నాకు పని అవతల తోటలో. రోజంతా దాని కాడ ఉండలేనమ్మా."

ఫోన్ పెట్టేశాను. బర్క్ తన పక్క మీద పడుకుని ఉన్నాడు. ఖాళీ గోడౌన్‌లో కూలర్ ఒక్కటే మోగుతోంది.

"ఊపిరుంటాది కదా డాక్టరమ్మా," అంది సంజీవమ్మ. "ఊపిరుంటే చాలదా."

"ఎన్నాళ్ళుంటుంది సంజీవమ్మా?" అన్నారు మేడం. ఆవిడ గొంతులో వాదన లేదు. నిజంగానే అడిగారు, తెలిస్తే చెప్పమన్నట్టు. "నిద్రపోతున్నప్పుడు ఎవరో ఒకరు ముట్టుకుంటారు. కరుస్తాడు. కొడతారు. ఎండలో, కట్టేసి."

సంజీవమ్మ వాడి మెడ కేసి చూసింది. అక్కడ తీగ కోసిన చోట ఇప్పటికీ వెంట్రుకలు రాలేదు, గుండ్రంగా నున్నటి చారిక. చెంప మీద కుట్ల పక్కగా ఆమె కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"మళ్ళా కట్టేసేది వద్దు," అంది. "వద్దులే. ఈడనే పోనీ. నా కండ్ల ముందరే."

నాకు అరవాలనిపించింది. ఆ షోకిల్లా రాయుడి మీద, మామా అన్నగారి టైర్ల మీద, గాలి చల్లగా ఉండే దేశాల మీద, మంచి మనుషుల మీద కూడా. అందరూ మంచివాళ్ళే. అందరూ కాదన్నవాళ్ళే. అందులో నేనూ ఉన్నాను.

గడువు ముందు రోజు పొద్దున మేడం మందుల పెట్టె తీసుకుని వచ్చారు. గోడౌన్ అప్పటికే సగం టైర్లతో నిండింది, రబ్బరు వాసన. బర్క్ తన మూలలో పక్క మీద పడుకుని ఉన్నాడు, కళ్ళు తెరిచే. నిద్రో మెలకువో తెలియదు. మేడం రెండు సూదులు సిద్ధం చేశారు, మొదటిది మత్తుకు. చేతిలో పట్టుకుని వాడికి కొంచెం దూరంలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. పేరు పెట్టి పిలవాలి. తలెత్తి చూడాలి. అప్పుడే ముట్టుకోవాలి. ఆవిడ పెట్టిన నియమమే. నోరు తెరిచారు, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు.

"మీరు పిలవండి," అన్నారు నాతో. నేను గోడ కేసి తిరిగాను.

సంజీవమ్మ వచ్చి మేడం పక్కన నేల మీద కూర్చుంది. ఆ రోజు ఆమె కొప్పు నున్నగా దువ్వుకుని, బొట్టు పెట్టుకుని వచ్చింది.

"బర్కూ," అని పిలిచింది.

వాడు తలెత్తాడు. ఆమెను చూశాడు. తోక ఒకసారి పక్క మీద కొట్టాడు. లేచి, కుంటుకుంటూ వచ్చి, కూర్చున్న ఆమె భుజానికి ఒళ్ళంతా ఆనించి నిలబడ్డాడు. మేము చలికాలమంతా నేర్పింది ఇదే. పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఏమీ చేయరని. వాడు బాగా నేర్చుకున్నాడు. మేడం సూది గుచ్చినప్పుడు ఒళ్ళు చిన్నగా జలదరించింది, అంతే, ఆమె మీద నుంచి బరువు తీయలేదు. మెల్లగా కాళ్ళు మడతపడుతుంటే సంజీవమ్మ రెండు చేతులా పట్టుకుని తన ఒళ్ళోకి దించుకుంది. రెండో సూదికి నేను కాలు పట్టుకోవాలి. పట్టుకున్నాను. నా చేతికింద నాడి కొంతసేపు కొట్టుకుంది, తర్వాత కొట్టుకోలేదు.

కళ్ళు తెరిచే ఉన్నాయి. మేడం స్టెతస్కోపు పెట్టి విన్నారు, తల ఊపారు, లేచి టైర్ల అవతలికి వెళ్ళిపోయారు.

సంజీవమ్మ చాలాసేపు కూర్చుంది. వాడి చెవి తిప్పి ఆ ఆకుపచ్చ అక్షరాలు చూసింది, వేలితో తడిమింది. తర్వాత వాడి తలను పక్క మీద పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేవబోయింది. తిమ్మిరెక్కిన కాలు తడబడి వాడి ముందు పాదానికి తగిలింది.

ఆమె ఆగింది. వంగింది. వేళ్ళతో ఆ పాదాన్ని తాకి, రెండు కళ్ళకూ అద్దుకుంది.

పిలవకుండానే తాకింది. వాడు ఉలిక్కిపడలేదు.